100ఎక్స్‌లో చీకటి, 40ఎక్స్‌లో పొగ: ఆబ్జెక్టివ్ మార్చే ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నారు. కాలేజీలో ఉన్న బైనాక్యులర్ మైక్రోస్కోప్‌లో 4ఎక్స్, 10ఎక్స్ చక్కగా కనిపిస్తున్నాయి. 40ఎక్స్‌లో పొగ పట్టినట్టుంది. 100ఎక్స్ ఆయిల్‌లో చీకటిగా ఉండి, మలేరియా స్మియర్‌లో (స్లైడ్ మీద పలుచగా పూసిన రక్తంలో) ఎర్ర కణాల అంచులు కూడా తేలడం లేదు. రిపేరుకు వచ్చినాయన రెండు ఆబ్జెక్టివ్‌లూ (స్లైడ్ వైపుండే లెన్సులు) మార్చాలన్నాడు. అసలు ఏ భాగం ఏం చేస్తుంది, లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

ఇప్పుడే డబ్బు పెట్టకండి. ముందు చూడాల్సింది స్టేజికి (స్లైడ్ పెట్టే బల్లకు) పైన కాదు, కింద. చిన్న ఆబ్జెక్టివ్‌లు బాగుండి పెద్దవి రెండూ ఒకేసారి మొరాయించాయంటే చాలాసార్లు కారణం కండెన్సర్ (స్టేజి కింద ఉండి వెలుగును స్లైడ్ మీదికి చేర్చే లెన్సు) దిగిపోయి ఉండటం, దాని డయాఫ్రమ్ (వెలుగు దారిని చిన్నదీ పెద్దదీ చేసే తెర) మూసుకుని ఉండటం, 40ఎక్స్ మూతికి ఆయిల్ అంటుకోవడం, లేదా స్లైడ్ తిరగబడటం. వీటిలో ఒక్కటీ ఆబ్జెక్టివ్ చెడిపోవడం కిందికి రాదు.

ముందు బొమ్మ ఎలా ఏర్పడుతుందో చూద్దాం. ఆబ్జెక్టివ్ స్లైడ్ మీది వస్తువును పెద్దది చేసి, తలకిందులుగా ఒక నిజ ప్రతిబింబాన్ని ట్యూబ్ పైభాగంలో, ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) లోపల ఏర్పరుస్తుంది. ఐపీస్ ఆ ప్రతిబింబాన్ని భూతద్దంలా మళ్లీ పెద్దది చేసి చూపిస్తుంది కానీ తిప్పి నిలబెట్టదు. అందుకే స్లైడ్‌ను కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది. 10ఎక్స్ ఐపీస్, 100ఎక్స్ ఆబ్జెక్టివ్ కలిస్తే వెయ్యి రెట్లు. పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది. మీ సమస్య మాత్రం ఈ రెట్లలో లేదు.

ఆబ్జెక్టివ్ మీద చెక్కిన అక్షరాలు చదవండి. మామూలు ల్యాబ్ మైక్రోస్కోప్ అయితే 4/0.10, 10/0.25, 40/0.65, 100/1.25 ఆయిల్ అని ఉంటుంది. రెండో అంకె న్యూమరికల్ అపర్చర్, అందరూ ఎన్‌ఏ అంటారు. స్లైడ్ నుంచి వచ్చే కాంతిని ఆ లెన్సు ఎంత వెడల్పు కోణంలో పట్టుకోగలదో అది చెబుతుంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు చుక్కలు రెండుగా కనిపిస్తాయా, ఒకటిగా కలిసిపోతాయా అన్నది తేల్చేది ఈ అంకే. 1873లో జర్మనీలో ఎర్న్‌స్ట్ ఆబె చెప్పిన సంగతి ఇదే. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి లెక్కేస్తే 10ఎక్స్ సుమారు 1.3 మైక్రాన్ల దూరాన్ని, 40ఎక్స్ 0.5 మైక్రాన్లను, 100ఎక్స్ 0.27 మైక్రాన్లను విడదీస్తాయి. ఎర్ర రక్తకణం 7 నుంచి 8 మైక్రాన్లు. ఫాల్సిపరమ్ మలేరియా పరాన్నజీవి ఉంగరం అందులో ఐదో వంతు. టీబీ బాసిల్లస్ మందం 0.2 నుంచి 0.5 మైక్రాన్లు. అంటే తెమడ పరీక్షలో మీరు 100ఎక్స్ సామర్థ్యం చివరి అంచున పనిచేస్తున్నారు. ఆ కాస్తా పోతే ఎరుపు గీతలా కనిపించే ఆ బాసిల్లస్ అక్కడ ఉన్నా మీకు దొరకదు.

ఈ కారణంగానే 15ఎక్స్ ఐపీస్ కొనిపించి 1500 రెట్లు చేసుకోవడంలో లాభం లేదు. పనికొచ్చే మాగ్నిఫికేషన్ ఎన్‌ఏకి 500 నుంచి 1000 రెట్ల మధ్య ఉంటుంది. 1.25కి పై హద్దు 1250. ఆ పైన బొమ్మ సైజు పెరుగుతుంది, మసకా దాంతోపాటే పెరుగుతుంది.

అయితే ఆబ్జెక్టివ్ మీద 1.25 అని రాసి ఉన్నంత మాత్రాన ఆ 1.25 మీకు అందినట్టు కాదు. సగం కండెన్సర్ ఇవ్వాలి. బల్బు కాంతిని బోర్లించిన గరాటులా, వెడల్పాటి అడుగు నుంచి స్లైడ్ మీది బిందువుకు చేర్చడం కండెన్సర్ పని. ఆ గరాటు ఎంత వెడల్పుగా ఉండాలో నిర్ణయించేది దాని కింద ఉన్న ఐరిస్ డయాఫ్రమ్. డయాఫ్రమ్‌ను 10ఎక్స్‌కి సరిపోయేట్టు 0.25 దగ్గర పెట్టి, అలాగే 100ఎక్స్‌కి తిప్పారనుకోండి. బొమ్మ వెలుగు ఎన్‌ఏను రెట్లతో భాగించి వర్గం చేస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. ఈ లెక్కన 10ఎక్స్‌తో పోలిస్తే మీ బొమ్మ 100 రెట్లు చీకటవుతుంది. గరాటు పూర్తిగా తెరిస్తే తేడా నాలుగు రెట్లే, దాన్ని బల్బు నాబ్ తిప్పి సరిచేసుకోవచ్చు. వెలుగొక్కటే కాదు, వివరం కూడా పోతుంది: కండెన్సర్ 0.25 దగ్గర ఉంటే 100ఎక్స్ విడదీసేది 0.45 మైక్రాన్లే. 0.9 వరకు తెరిస్తే 0.31. మీ చీకటికీ, తేలని అంచులకూ కారణం ఒకటే కావచ్చని నా అనుమానం ఇక్కడి నుంచే.

కండెన్సర్ దిగి ఉండటం ఎందుకంత మామూలో కూడా చెప్పాలి. అదే మైక్రోస్కోప్‌లో పొద్దున యూరిన్ డిపాజిట్ (మూత్రం అడుగున చేరేది), మోషన్ వెట్ మౌంట్ (రంగు వేయకుండా తడిగానే చూసే మలం స్లైడ్) చూస్తారు. రంగు లేని కాస్ట్‌లు, సిస్ట్‌లు నిండు వెలుగులో కనిపించవు కాబట్టి కండెన్సర్ దించుతారు. అంచులు నల్లగా తేలతాయి, పని అవుతుంది. దాన్ని అక్కడే వదిలేసి వెళ్తారు. మధ్యాహ్నం లీష్‌మన్ రంగు వేసిన రక్తపు స్మియర్ పెట్టినవాళ్లకు ఏమీ కనిపించదు. రంగు వేసిన స్లైడ్‌కు కాంట్రాస్ట్ ఆ రంగే ఇస్తుంది, వెలుగు గరాటు నిండుగా ఉండాలి. నన్నడిగితే వెట్ మౌంట్‌కు కూడా కండెన్సర్ జోలికి పోకుండా డయాఫ్రమ్ మూయడమే మేలు. అప్పుడు మళ్లీ సరిచేయడం ఒక్క మీట పని. వెలుగు ఎక్కువైందని కండెన్సర్ దించమనేవాళ్లు మాత్రం చెడ్డ అలవాటు నేర్పుతున్నారు. వెలుగు తగ్గించడానికి బల్బు నాబ్ ఉంది.

సరిచేసే పద్ధతి. రంగు వేసిన స్లైడ్ పెట్టి 10ఎక్స్‌లో ఫోకస్ చేయండి. కండెన్సర్‌ను పైకి, స్లైడ్‌కు తగలకుండా దాదాపు ఆనేంత వరకు లేపండి. బల్బు మీద ఫీల్డ్ డయాఫ్రమ్ ఉన్న మోడల్ అయితే దాన్ని బాగా మూయండి. ఫీల్డ్‌లో, అంటే కంటికి కనిపించే ప్రాంతంలో, చిన్న వెలుగు వలయం వస్తుంది. దాని అంచు పదునుగా వచ్చేవరకు కండెన్సర్‌ను నెమ్మదిగా దించండి, సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు. వలయం పక్కకు ఉంటే కండెన్సర్‌కున్న రెండు స్క్రూలతో నడిమికి తెచ్చి, ఫీల్డ్ అంచు దాటేవరకే తెరవండి. 1893లో ఆగస్ట్ కోలర్ చెప్పిన పద్ధతి ఇదే, ఆయన పేరుతోనే పిలుస్తారు. మన కాలేజీల్లో ఉండే చాలా మోడళ్లకు ఫీల్డ్ డయాఫ్రమ్ ఉండదు. అప్పుడు బల్బు గ్లాసు మీద పెన్సిల్ మొన ఆనించి, స్మియర్‌తోపాటు ఆ మొన నీడ కూడా స్పష్టంగా కనిపించేవరకు కండెన్సర్ ఎత్తు సరిచేయండి. తర్వాత పెన్సిల్ తీసేయండి.

ఇక ఐరిస్. ఒక ఐపీస్ బయటికి తీసి ట్యూబ్‌లోకి నేరుగా చూడండి. అడుగున వెలుగు పళ్లెం కనిపిస్తుంది, అదే ఆబ్జెక్టివ్ వెనక భాగం. ఐరిస్ మీట కదిపితే ఆ పళ్లెం అంచుల్లోంచి చీకటి లోపలికి రావడం కనిపిస్తుంది. పళ్లెం 70 నుంచి 80 శాతం వెలిగేట్టు వదిలేయండి. ఆబ్జెక్టివ్ మార్చినప్పుడల్లా ఇది మారాలి. కొన్ని కంపెనీలు మీట పక్కనే 4, 10, 40, 100 అని గుర్తులు పెట్టి ఆ పని తేలిక చేశాయి. ఐరిస్ మరీ మూస్తే ప్రతి కణం చుట్టూ నల్లటి, తెల్లటి వలయాలొస్తాయి, కొత్తవాళ్లు వాటినే పరాన్నజీవులనుకుంటారు.

అద్దం ఉన్న పాత మోడల్ అయితే కండెన్సర్ ఉన్నప్పుడు చదును వైపే వాడాలి, పుటాకారం వైపు కండెన్సర్ లేనప్పుడు. నేరుగా ఎండను మాత్రం పట్టించకండి. హాలోజన్ బల్బు (ఎక్కువగా 6 వోల్టులు, 20 వాట్లు) మార్చేటప్పుడు వేళ్లతో ముట్టుకోవద్దు. చెమట జిడ్డు అంటిన చోట గాజు వేడెక్కి తొందరగా పోతుంది.

కండెన్సర్ సరిగ్గా పెట్టాక కూడా 100ఎక్స్ బాగోలేకపోతే ఆయిల్ వైపు చూడాలి. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.515, గాలిది 1. గాజులోంచి గాలిలోకి 41 డిగ్రీల కంటే ఎక్కువ వాలుగా వచ్చిన కిరణం బయటికే రాదు, సంపూర్ణాంతర పరావర్తనం చెంది వెనక్కి పోతుంది. 1.25 ఎన్‌ఏ లెన్సుకు కావాల్సినవి 55 డిగ్రీల దాకా వాలిన కిరణాలు. మధ్యలో 1.515 ఉన్న ఆయిల్ ఉంటే కిరణానికి గాజు అయిపోయిన సంగతే తెలియదు, నేరుగా లెన్సులోకి వెళ్తుంది. ఆయిల్ లేకుండా 100ఎక్స్ వాడితే అది 40ఎక్స్ కంటే అధ్వాన్నం. ఆయిల్ బదులు లిక్విడ్ పారఫిన్ వాడే ల్యాబులు చాలా ఉన్నాయి. దాని గుణకం 1.47 ప్రాంతంలో ఉంటుంది, బొమ్మ వస్తుంది కానీ పదును తగ్గుతుంది. సెడార్‌వుడ్ ఆయిల్ గుణకం సరిపోతుంది, కాకపోతే తుడవకుండా వదిలేస్తే జిగురులా గట్టిపడి లెన్సు మూతి స్ప్రింగ్‌ను కూడా పట్టేస్తుంది. సింథటిక్ ఇమ్మర్షన్ ఆయిల్ చిన్న సీసా కొనుక్కోండి, అదే మేలు.

ఆయిల్ వేయడంలో క్రమం ఉంది. 10ఎక్స్‌లో ఫోకస్ చేయండి, నోస్‌పీస్‌ను (ఆబ్జెక్టివ్‌లు బిగించి ఉన్న తిరిగే చక్రాన్ని) సగం తిప్పి ఆపండి, వెలుగు పడుతున్న చోట ఒక్క చుక్క వేయండి, 100ఎక్స్‌ను టక్‌మనేదాకా తిప్పండి. ఆపైన ఫైన్ నాబ్ ఒక్కటే. డ్రాపర్ మొన స్మియర్‌కు తగలనీయకండి. తెమడ స్లైడ్ నుంచి బాసిల్లై మొనకు అంటుకుని పక్క రోగి స్లైడ్ మీదికి పోతే లేని జబ్బు రాసిచ్చినట్టవుతుంది. చుక్కలో బుడగ చిక్కితే బొమ్మ పాలిపోయినట్టుంటుంది. ఐపీస్ తీసి ట్యూబ్‌లోకి చూస్తే ఆ బుడగ గుండ్రంగా కళ్లబడుతుంది. నోస్‌పీస్‌ను కొంచెం అటూ ఇటూ కదిపితే చాలాసార్లు పోతుంది, లేకపోతే తుడిచి కొత్త చుక్క వేయాలి. చూడటం అయిపోయాక ఏ పరిస్థితిలోనూ 40ఎక్స్ మీదుగా వెనక్కి రావద్దు. నేరుగా 4ఎక్స్ వైపు తిప్పి స్లైడ్ తీయండి.

ఎందుకంటే మీ 40ఎక్స్ పొగ అక్కడిదే అయ్యుండొచ్చు. దానికీ స్లైడ్‌కూ మధ్య ఖాళీ అర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. ఆయిల్ ఉన్న స్లైడ్ మీదికి అది వచ్చిందంటే మునిగినట్టే. అది పొడి లెన్సు, ఆయిల్ పొర ఉంటే తెల్లటి మంచు తెర వేసినట్టు కనిపిస్తుంది. పరీక్షించడం సులువు: ఐపీస్ ఒకటి తీసి తిరగేసి పట్టుకుని, దాన్నే భూతద్దంగా వాడి 40ఎక్స్ మూతిని వాలుగా వెలుగులో చూడండి. ఇంద్రధనుస్సు రంగుల పొర, ఎండిన వలయం, దూది పోగు ఏదున్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మూతి శుభ్రంగా ఉండి కూడా బ్లడ్ స్మియర్ 40ఎక్స్‌లో మసగ్గానే ఉంటే అది లెన్సు తప్పు కాదు. ఆబ్జెక్టివ్ మీద 160/0.17 అని ఉంటుంది చూడండి. 160 ట్యూబ్ పొడవు మిల్లీమీటర్లలో, 0.17 కవర్‌స్లిప్ (స్లైడ్ మీద కప్పే పలుచని గాజు) మందం. ఆ మందమున్న గాజు మధ్యలో ఉంటుందన్న లెక్కతోనే లెన్సు చేశారు. కవర్‌స్లిప్ లేని స్మియర్‌లో గోళీయ విపథనం (కిరణాలన్నీ ఒకే బిందువులో కలవకపోవడం) వల్ల పదును పోతుంది. 10ఎక్స్‌కి పట్టింపు లేదు, 40ఎక్స్‌కి ఉంది. స్మియర్ మీద ఒక చుక్క ఆయిల్ వేసి పైన కవర్‌స్లిప్ పెట్టి, పైభాగం పొడిగా ఉంచి 40ఎక్స్‌లో చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. కవర్‌స్లిప్‌లు రెండు అతుక్కుని ఉన్నా, డీపీఎక్స్ (కవర్‌స్లిప్‌ను అతికించే జిగురు) మందంగా పోసినా ఇదే మసక. 100ఎక్స్‌కు ఈ బాధ తక్కువ, ఎందుకంటే ఆయిల్‌కూ గాజుకూ గుణకం ఒకటే.

తిరగబడిన స్లైడ్ సంగతి ఇక్కడే. స్లైడ్ మందం ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. స్మియర్ కింది వైపుకు పోతే 4ఎక్స్, 10ఎక్స్ హాయిగా ఫోకస్ అవుతాయి, వాటికి మూతి దగ్గర జాగా ఎక్కువ. 40ఎక్స్, 100ఎక్స్ ఎంత తిప్పినా అందవు. బలవంతం చేస్తే స్లైడ్ పగులుతుంది లేదా స్ప్రింగ్ మూతి లోపలికి పోతుంది. కొన్ని 100ఎక్స్ ఆబ్జెక్టివ్‌లలో మూతిని నొక్కి తిప్పితే పైకి పోయి లాక్ అయ్యే ఏర్పాటు ఉంది. ఎవరో తెలియక తిప్పి వదిలేస్తే ఎన్నటికీ ఫోకస్ రాదు, చాలామంది దాన్ని పాడైన లెన్సుగా లెక్కేస్తారు.

మిగతా భాగాలు త్వరగా. కోర్స్ నాబ్ స్టేజిని పెద్దగా కదుపుతుంది, 4ఎక్స్, 10ఎక్స్‌లో మాత్రమే వాడాలి. చూస్తుండగానే ఫోకస్ తనంతట తనే జారిపోతుంటే స్టేజి బరువుకు దిగుతోందన్నమాట. కోర్స్ నాబ్ లోపలి వైపున్న టెన్షన్ రింగు బిగించండి. కుడి, ఎడమ నాబ్‌లను ఎదురెదురు దిశల్లో తిప్పితే లోపల పళ్లు అరుగుతాయి. నోస్‌పీస్‌ను దాని అంచు పట్టుకునే తిప్పాలి, ఆబ్జెక్టివ్‌లు పట్టుకుని తిప్పితే మరలు వదులై నడిమి తప్పుతుంది. టక్‌మని కూర్చోకపోతే ఫీల్డ్ అర్ధచంద్రాకారంలో సగం నల్లబడుతుంది.

ఐపీస్ మీద 10ఎక్స్/18 అని ఉంటే 18 ఫీల్డ్ నంబరు. దాన్ని ఆబ్జెక్టివ్ రెట్లతో భాగిస్తే మీరు చూస్తున్న వలయం వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది: 10ఎక్స్‌లో 1.8, 40ఎక్స్‌లో 0.45, 100ఎక్స్‌లో 0.18. అంటే తెమడ స్మియర్‌లో 2 సెంటీమీటర్ల గీతను ఒక కొస నుంచి రెండో కొసకు జరుపుతూ పోతే సుమారు 110 ఫీల్డులు, తెమడ పరీక్షలో చూడాల్సిన వంద ఫీల్డుల లెక్క దాదాపు ఒక్క వరుసలో అయిపోతుంది. బైనాక్యులర్‌లో రెండు వలయాలు కనిపిస్తే కళ్ల ఎడానికి తగ్గట్టు ట్యూబ్‌లు దగ్గరికో దూరానికో జరపండి. డయాప్టర్ రింగు (ఒక కంటికి మాత్రమే ఫోకస్ సరిచేసే రింగు) లేని ఐపీస్‌తో ఒక కన్ను మూసి ఫైన్ నాబ్‌తో ఫోకస్ చేసి, రెండో కంటికి నాబ్ ముట్టకుండా రింగు తిప్పి సరిచేయండి. తలనొప్పి రావడానికి కారణం ఎక్కువగా ఇది చేయకపోవడమే.

మచ్చలు కనిపిస్తే దేని మీదో ఇలా తేలుతుంది. ఐపీస్ తిప్పితే మచ్చ కూడా తిరిగితే ఐపీస్‌ది. స్లైడ్‌తో జరిగితే స్లైడ్‌ది. ఆబ్జెక్టివ్ మార్చగానే మాయమైతే ఆబ్జెక్టివ్‌ది. కండెన్సర్ పైకీ కిందికీ కదిపితే మారితే అక్కడిదో బల్బు గ్లాసుదో. తుడిచేముందు రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదండి, లేకపోతే ఇసుక రేణువుతో లెన్సు గీసినట్టే. లెన్స్ పేపర్‌తో ఆయిల్ అద్ది తీసి, మిగిలిన జిడ్డుకు ఈథర్ ఏడు, ఆల్కహాల్ మూడు పాళ్ల మిశ్రమం పేపర్‌కు కొద్దిగా తడిపి తుడవండి, దగ్గర్లో మంట ఉండకూడదు. గట్టిపడిన ఆయిల్‌కు జైలీన్ ఒక్కసారి, చాలా తక్కువ, వెంటనే పొడి పేపర్. జైలీన్ లోపలికి దిగితే లెన్సులను అతికించిన సిమెంటు కరుగుతుంది. చొక్కా కొంగు, ఏప్రాన్, టిష్యూ పేపర్ వాడొద్దు.

కోస్తా జిల్లాల్లో వానాకాలం అసలు శత్రువు బూజు. లెన్సు లోపల సాలెగూడు పోగుల్లా కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తుంది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ ఉక్కపోతలో దోమ పొట్టలో మలేరియా జాడ పట్టుకున్న రొనాల్డ్ రాస్, చెమటకు తన మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయని రాసుకున్నాడు. మన వాతావరణం లోహానికీ గాజుకూ అప్పుడూ ఇప్పుడూ ఒకేలా ఉంది. చెక్క బీరువాలో గాలి ఆడేట్టు రంధ్రాలు చేసి, 40 వాట్ల పాత రకం బల్బు వెలిగించి ఉంచితే లోపల బయటికన్నా నాలుగైదు డిగ్రీలు వెచ్చగా ఉండి తేమ నిలవదు. ఎల్‌ఈడీ పెడితే వెలుగే తప్ప వేడి ఉండదు. బీరువా లేకపోతే కవర్ లోపల సిలికా జెల్ పెట్టండి, నీలం గులాబీ రంగుకు మారగానే ఓవెన్‌లో ఎండబెట్టి మళ్లీ వాడొచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా పొగ వదలకపోతే అప్పుడు ఆబ్జెక్టివ్‌ను అనుమానించండి. తిరగేసిన ఐపీస్‌తో చూస్తే లోపల అతుకు విడిపోయిన చోట మెరిసే అంచు, బూజు, లేదా మూతి గాజు మీద గీత కనిపిస్తుంది. మూతి తుడిచినా పోని జిడ్డు పొర ఉందంటే ఆయిల్ లోపలికి దిగినట్టు, 40ఎక్స్‌లో ఎక్కువగా జరిగేది ఇదే. అదే మోడల్ మరో మైక్రోస్కోప్ నుంచి మంచి 40ఎక్స్ తెచ్చి బిగించి, అదే స్లైడ్ చూడండి. బొమ్మ బాగుపడితే మార్చాల్సింది ఆ ఒక్కటే, 100ఎక్స్‌ను విడిగా ఇలాగే తేల్చుకోవాలి. కొనేటప్పుడు మర సరిపోయింది కదా అని తీసుకోకండి. 20.32 మిల్లీమీటర్ల మర చాలా కంపెనీలకు ఒకటే, ఏదైనా బిగుస్తుంది. మీ పాత ఆబ్జెక్టివ్ మీద 160 అని ఉంటే 160దే అడగండి. పడుకోబెట్టిన ఎనిమిది గుర్తు ఉంటే అది అనంత దూరానికి సరిచేసినది, దానికి బాడీలో వేరే ట్యూబ్ లెన్సు కావాలి. ఒకదాని బదులు ఇంకోటి పెడితే రెట్లూ తప్పుతాయి, పదునూ రాదు.